అద్దాలాయన రెండు చెంచాలు

అద్దాలాయనకి ఈ లోకంలో ఏ విషయమైనా రెండుసార్లు చూపించి, “ఒకటా, రెండా?” అని అడిగితే తప్ప మనసు కుదుటపడదు.

ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. జీవితమంతా కళ్ళజోళ్ళ దుకాణం నడిపిన మనిషి. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముక్కు మీద ఇనప ఫ్రేము ఎక్కించడం, అందులో ఒక అద్దం దోపడం, అది తీసి ఇంకోటి దోపడం, గోడమీది అక్షరాలు చూపించి “ఒకటి బాగుందా, రెండు బాగుందా?” అని అడగడం. ఆ ప్రశ్న ఎదుర్కోని ముక్కు ఆ వీధిలో లేదు. దుకాణం మేనల్లుడికి అప్పజెప్పి ఇంటిపట్టున కూర్చున్నాక, ఫ్రేమూ అద్దాలూ అక్కడే ఉండిపోయాయిగాని, ప్రశ్న మాత్రం ఆయన వెంట నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది.

పొద్దున్నే రెండు చొక్కాలు పట్టుకుని నిలబడతాడు. ఒకటా, రెండా? కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి. ఒకటా, రెండా? ఓసారి మీసం ఎంత ఉంచాలో తేలక, మంగలి చేత ఎడమ సగం కత్తిరించి, కుడి సగం అలాగే వదిలేయమన్నాడు. ఆ రెండు రకాల మీసంతో సాయంత్రందాకా వీధంతా తిరిగి, కనిపించినవాళ్ళందరి ముందూ మొహం అటొకసారి ఇటొకసారి తిప్పి చూపించాడు. ఓట్లు సరిసమానంగా పడ్డాయి. చివరికి ఇంట్లో ఆవిడ కత్తెర తీసి, “మూడు” అని చెప్పి మొత్తం తీసేసింది.

ఆవిడ గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు. వీధిలో అందరూ ఆవిడని కేకులావిడ అంటారు. పుట్టినరోజైనా, పెళ్ళయినా, ఎవరికైనా ఉద్యోగం వచ్చినా, పోయినా, కేకు ఆవిడ ఓవెన్లోంచి రావలసిందే. ఆవిడకి గడియారంతో పనిలేదు, కొలతగిన్నెతో అంతకన్నా పనిలేదు. ఉన్నదల్లా ఒక ముక్కు. కేకు ఎప్పుడు పొంగిందో, ఎప్పుడు అంచు తిరిగిందో, ఎప్పుడు తియ్యాలో, పక్కగదిలో కూర్చుని ముక్కుతో చెప్పేసేది.

వాళ్ళిద్దరి పరిచయం కూడా ఆ ముక్కు పుణ్యమే. వయసులో ఉన్న రోజుల్లో ఆవిడ కళ్ళు చూపించుకోవడానికి ఆయన దుకాణానికి వెళ్ళింది. ఆయన అద్దం మీద అద్దం మారుస్తూ, ఒకటా రెండా అని అడుగుతూనే ఉన్నాడు. అంతలో ఆవిడ తల ఎత్తి, గాలి పీల్చి, “నా కేకయిపోయింది” అని, ముక్కు మీది ఇనప ఫ్రేముతోనే వీధి దాటి ఇంట్లోకి పరుగెత్తింది. ఫ్రేము తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు కేకు ముక్క కూడా తెచ్చింది. ఆ తర్వాత పెళ్ళయింది.

“ఎంతోమంది ముక్కులు చూశానుగాని, పనిచేసే ముక్కుని మొదటిసారి అప్పుడే చూశాను” అని ఆయన ఇప్పటికీ అంటాడు. ఆవిడ మొహం తిప్పుకుంటుంది. నవ్వు కనబడకూడదని.

దుకాణం వదిలేశాక పొద్దుపోక ఆయన వంటింట్లోకి వచ్చిపడ్డాడు. కేకుల జోలికి రావద్దని ఆవిడ ముందే గీత గీసింది. సరే అని, ఆయన తనకంటూ గ్రనోలా పెట్టుకున్నాడు. ఓట్సు, బాదం పలుకులు, గుమ్మడి గింజలు, కాస్త నూనె, కాస్త తీపి కలిపి, ట్రేలో పరిచి, ఓవెన్లో కరకరలాడేలా వేయిస్తే అయిపోయే పని. అయిపోయే పనేగాని ఆయన చేతిలో ఏదీ ఒక పట్టాన కాదు. రంగు చూడటానికి ఓవెన్ అద్దం ముందు బోర్లా పడుకునేవాడు. ఒక కళ్ళజోడుతో ఒకసారి, ఇంకో కళ్ళజోడుతో ఇంకోసారి. ఆయన ఇంకా తేల్చుకోకముందే హాల్లోంచి ఆవిడ గొంతు వినబడేది. “ఏమండీ, ఇంక తీసెయ్యండి.” తీస్తే, సరిగ్గా బంగారు రంగు.

అలా హాయిగా సాగిపోతుండగా ఆ చలికాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే. వచ్చింది, పోయింది. పోతూపోతూ ఆవిడ ముక్కులోంచి వాసన పట్టుకుపోయింది.

మొదట జలుబు తాలూకుదే అనుకుంది. జలుబు తగ్గింది, వాసన రాలేదు. సబ్బు, కాఫీ, నారింజ తొక్క, ఏదీ లేదు. నాలుక మీద తీపి తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, అంతే. తీపి అంటే తీపి. అది తేనెదా, పండుదా, పంచదారదా, ఎవరి తాలూకు తీపో మాత్రం తెలియడం లేదు. గొంతు గుర్తుపట్టలేని ఫోనులా ఉంది నోరు.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. వీధికి తెలిస్తే కేకు ఆర్డర్లు ఆగిపోతాయని ఒక భయం. వాసన తెలియని మనిషి చేతి కేకు ఎవరు తింటారు. పోనీ మొగుడికి చెబుదామంటే, ఆయన సంగతి తెలుసు కదా. వీధంతా ఊరేగించి, ఈ డాక్టరా, ఆ డాక్టరా, ఒకటా, రెండా అని అడిగి అడిగి చంపుతాడు. అదికాక, ఆయన మెచ్చింది ఆ ముక్కునే. అది లేదని ఏ మొహంతో చెప్పాలి.

అందుకని పాత అలవాటు మీద, చేతి వాటం మీద కేకులు చేస్తూ వచ్చింది. మొదటిసారి గడియారం కొని గూట్లో పెట్టింది. ఆయన చూసి, “బాగుంది, గోడకి అందం” అని ఊరుకున్నాడు.

జ్వరం తగ్గాక ఆయన వేసిన మొదటి ట్రే మాడి బొగ్గయింది. ఆయన వరండాలో ఎవరితోనో మాటల్లో ఉన్నాడు. ఆవిడ ఓవెన్ పక్కనే బల్ల దగ్గర కూర్చుని, కేకు మీద క్రీముతో గులాబీలు వేసుకుంటోంది. కళ్ళు మండితే తప్ప పొగ వచ్చిన సంగతి తెలియలేదు. ఆయన పరుగెత్తుకొచ్చి, నల్లటి ట్రే వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

“తప్పు నాదేలే. కళ్ళజోడు పెట్టుకోలేదు” అన్నాడు.

ఒక కళ్ళజోడు ఆయన ముక్కు మీదుంది. ఇంకోటి నెత్తి మీదుంది. కానీ గండం గడిచిందన్న సంబరంలో ఆవిడ ఆ విషయం పట్టించుకోలేదు.

మర్నాడే ఆయనకి కొత్త పిచ్చి పట్టుకుంది. పంచదార డబ్బా ఎత్తుకెళ్ళి పక్కింట్లో ఇచ్చేసి వచ్చాడు. ఇకమీదట తన గ్రనోలాలో పంచదార అనేది పడదని, టీలో కూడా పడదని, ప్రకృతి ఇన్ని తీపులు ఇచ్చి పెట్టుకుంటే ఆ తెల్లపొడిని నమ్ముకోవడం బుద్ధి తక్కువని, వంటింటి మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. కేకులకి పంచదార లేకపోతే ఎలాగని ఆవిడ అడిగితే, ఆవిడ పంచదార ఆవిడ బీరువాలో పెట్టుకోవచ్చనీ, తన కళ్ళబడకూడదనీ సర్దుబాటు చేశాడు.

ఇక సంతలో ఉన్న తీపంతా ఇంటికొచ్చింది. తేనెలో నాలుగు రకాలు. ఖర్జూరపు పాకం, ఎండుద్రాక్ష గుజ్జు, అంజీర ముద్ద, ఆపిల్ ఉడకబెట్టి చేసిన గుజ్జు, మగ్గిన అరటిపండు. వాటికి తోడుగా దాల్చినచెక్క, నారింజ తొక్కల పొడి. గూళ్ళు చాలక సీసాలు పుస్తకాల అలమరలోకి ఎక్కాయి.

ఆపిల్ గుజ్జుతో చేసింది ఎంత వేయించినా మెత్తగా, తడిసిన అట్టపెట్టెలా వచ్చింది. అరటిపండుతో చేసినవి రెండు సీసాలు కిటికీలో పెడితే చీమలు దండెత్తాయి. వాటిని మాత్రం ఒకటా రెండా అని అడగాల్సిన పనిలేకపోయింది, రెండు సీసాలూ ఎంచుకున్నాయి. తేనె, ఖర్జూరం కలిపి పోసి, చల్లారకముందే గరిటెతో విడగొట్టడం మరిచిపోయినప్పుడు, ట్రే అంతా ఒకే పలకగా బిగుసుకుపోయింది. దాన్ని ఎదురింటి దర్జీకి ఇస్తే ఆయన కట్టుడు పన్ను ఊడొచ్చింది. దర్జీ పాపం పన్ను జేబులో వేసుకుని, పలకని మాత్రం గుడ్డ కత్తిరించే బల్ల మీద పెట్టుకున్నాడు. గుడ్డ జరగకుండా బరువుకి బాగుందట.

అసలు బాధ తినడం కాదు, పరీక్ష. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు చెంచాలు. వీధిలో ఎవరు ఎదురైనా ఆపి, ముందు సీసా ముక్కు దగ్గర పెట్టేవాడు. “ముందు ముక్కు, తర్వాత నోరు.” వాసన చూడాలి, కళ్ళు మూసుకోవాలి, ఒక చెంచా, మధ్యలో గుక్కెడు నీళ్ళు, ఇంకో చెంచా. “ఒకటా, రెండా?” ఉత్తరాలు పంచే పోస్టమ్మాయి సైకిలు దిగకుండా నోరు తెరిచి, నమిలేసి, “ఒకటి” అని అరిచి వెళ్ళిపోయేది. ఓసారి సంచీలోంచి ఉత్తరం తీయబోయి కళ్ళు మూసుకుని నోరు తెరిచిందట, పక్క వీధిలో ఎవరింటి ముందో. అలవాటైపోయి.

బయటివాళ్ళకి రోజుకొకసారి. ఇంట్లో ఆవిడకి పొద్దునా, సాయంత్రం కూడా. తేనె సీసా ముక్కు కింద, తర్వాత దాల్చినచెక్క, తర్వాత నారింజ పొడి, తర్వాత రెండు చెంచాలు. ఒక్కరోజు తప్పలేదు.

ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయేవి. పాఠం చదవని పిల్లలు పరీక్షలో ఒకటి తప్పించి ఒకటి టిక్కు పెట్టుకుంటూ పోయినట్టు, ఒకరోజు “ఒకటి” అనేది, ఇంకోరోజు “రెండు” అనేది. అనుమానం రాకుండా అప్పుడప్పుడూ ముస్తాబు చేసేది. “రెండోదాంట్లో ఖర్జూరం కాస్త ఎక్కువైందేమో.” ఆయన ఎంతో శ్రద్ధగా విని, “ఊఁ” అని తలాడించి వెళ్ళిపోయేవాడు. ఆ శ్రద్ధ చూస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. నీతిగా అడిగే మనిషికి అబద్ధం చెబుతున్నానే అని లోపల గుచ్చుకునేది. గుచ్చుకున్నకొద్దీ పైకి ఇంకా విసుక్కునేది.

“ఇల్లా, దుకాణమా ఇది? కొన్నాళ్ళు ఆ చెంచాలు తాళం వేసి పెట్టండి.”

“ఏ చెంచా ముందు పెట్టమంటావు? ఒకటా...”

ఆవిడ చేతిలోని గరిటె చూసి ప్రశ్న సగంలో ఆపేశాడు.

దీనికి తోడు ఆయన చేతులు కూడా పాడయ్యాయి. ఆవగింజంత మరలు పట్టుకుని కళ్ళజోళ్ళు బిగించిన చేతులు, ఇప్పుడు వంటింట్లో ఏది పట్టుకున్నా వదిలేసేవి. పాల గిన్నె ముట్టుకుంటే పాలు నేలపాలు. క్రీము డబ్బా అందుకుంటే డబ్బా సింకులో. కేకులో కలపబోతున్న గుడ్డు పగలగొట్టి గిన్నెలో వేస్తే, మరుక్షణం ఆ గిన్నె ఆయన మోచేతికి తగిలి ఎగిరిపోయేది. “జారిందోయ్” అనేవాడు. అని, సంచీ పట్టుకుని కొత్తవి తేవడానికి వెళ్ళేవాడు. వయసు మీదపడుతోంది పాపం అని ఆవిడ కొంత జాలిపడింది, కొంత తిట్టింది. కొంత అంటే, తిట్టడం ఎక్కువే.

ఇలా ఉండగా వీధిలో పెళ్ళి ఒకటి కుదిరింది. ఎదురింటి దర్జీకీ, పోస్టమ్మాయికీ. అమ్మాయి అంటున్నాంగాని ఇద్దరూ నలభై దాటినవాళ్ళే. అద్దాలాయన చెంచాల కోసం రోజూ ఇద్దర్నీ ఒకేచోట నిలబెట్టేవాడు, ఒకరు ఒకటంటే ఇంకొకరు రెండనేవారు, వాదించుకునేవారు. వాదన తేలక పెళ్ళిచేసుకుంటున్నారు. కేకు కోసం ఇద్దరూ కలిసి వచ్చారు.

“అక్కయ్యా, నారింజ కేకు కావాలి. మీరు ఓవెన్లో పెడితే మా పోస్టాఫీసు దాకా వాసన వస్తుంది చూడండి, అదే” అంది పోస్టమ్మాయి.

ఆవిడ సరేనంది. వాళ్ళు వెళ్ళాక చాలాసేపు బల్ల దగ్గరే కూర్చుండిపోయింది. వాసన కోసం అడుగుతున్నారు, తన దగ్గర లేనిదే అది. నారింజ తొక్క ఎంత గీరాలో, వెన్న తాజాదో కాదో, ముక్కు చెప్పాలి. ఎవరిదో పుట్టినరోజైతే సర్దుకుపోతారు. పెళ్ళి. ఇంత వయసుకి కుదిరిన పెళ్ళి.

ఆయన వచ్చాక చెప్పేసింది. “ఈ కేకే ఆఖరుది. తర్వాత ఓవెన్ మీరే ఉంచుకోండి. నిలబడలేకపోతున్నాను, మోకాళ్ళు.”

మోకాళ్ళ గురించి ఆవిడ అంతకుముందు ఎన్నడూ మాటైనా అనలేదు. ఆయన నెత్తి మీది కళ్ళజోడు దించి పెట్టుకుని ఆవిడ మొహం వంక చూశాడు. ఎడమ మోకాలా, కుడి మోకాలా, ఒకటా, రెండా అని కూడా అడగలేదు. ఆవిడకి అది కొంచెం వింతగానే అనిపించింది.

పెళ్ళి దగ్గరపడుతుండగా, దర్జీ దుకాణంలో పెళ్ళిబట్టలకి కొలతలిచ్చి వస్తూ కేకులావిడ దగ్గర ఆగిన పోస్టమ్మాయి, మాటల్లో మాటగా ఒక సంగతి జారవిడిచింది. అద్దాలాయన రోజూ మధ్యాహ్నం దర్జీ దుకాణంలో కూర్చుని టీ తాగుతాడట. అందులో పంచదార వేయించుకుంటాడట. అదీ నిండు చెంచాలతో.

కేకులావిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. నెలల తరబడి ఇంట్లో చప్పటి టీ. పంచదార పేరెత్తితే ఉపన్యాసం. చెప్పులేసుకుని నేరుగా వీధి దాటింది.

దర్జీ దుకాణం కిటికీలోంచి చూస్తే, పోస్టమ్మాయి చెప్పిందంతా నిజమే. బల్ల మీద టీ గ్లాసు, పక్కన పంచదార గిన్నె. అద్దాలాయన టీ కలుపుకుని, ఒక గుటక వేసి, స్వర్గం కనిపించినట్టు కళ్ళు మూసుకున్నాడు. అంతవరకు ఆవిడ అనుకున్నదే. అనుకోనిది ఆ తర్వాత. దర్జీ ఒక సన్నపాటి సూది అందించాడు. అద్దాలాయన దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి, దారం కొస ఒక్కసారి నలిపి, ఒక్క ప్రయత్నంలో ఎక్కించేసి ఇచ్చాడు. ఇంకోటి. ఇంకోటి. చెయ్యి రాయిలా ఉంది.

ఆయన వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయేదాకా ఆగి, ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆయన చేతులు ఈమధ్య వణుకుతున్నాయి కదా, సూదులు ఎందుకిస్తున్నావని అడిగింది. దర్జీ అయోమయంగా చూశాడు.

“అన్నగారి చేతులా? వణకడమేంటి వదినగారూ. ఈ వీధిలో నా సూదులన్నిటికీ దారం ఎక్కించేది ఆయనే.”

పంచదార సంగతి అడగడమే మరిచిపోయి ఆవిడ ఇంటికొచ్చింది. పంచదార దొంగతనం అర్థమైంది, మనిషి జిహ్వ అలాంటిది. కానీ దర్జీ దుకాణంలో రాయిలా ఉండే చెయ్యి, తన వంటింట్లోకి రాగానే ఎందుకు జారుతుంది? సాయంత్రం ఆయన చెంచాలు తెచ్చినప్పుడు “ఒకటి” అని మొహం చూడకుండా చెప్పింది. ఆయన “ఊఁ” అన్నాడు.

పెళ్ళి ముందురోజు పొద్దున ఆవిడ కేకు పని మొదలుపెట్టింది. అదే సమయానికి ఆయన తన ట్రే సిద్ధం చేసుకున్నాడు. ఆవేళ ఖర్జూరపు పాకం వంతు. పెళ్ళికొడుక్కి కట్నంగా మెత్తటి గ్రనోలా ఇస్తానని, పన్ను బాకీ తీర్చుకుంటానని హడావుడి చేసి, ట్రే ఓవెన్లోకి తోశాడు. ఇటు ఆవిడ వెన్న గిన్నెలో తీసుకుని గిలక్కొట్టడం మొదలుపెట్టింది. ఆయన పక్కకి వచ్చాడు. వంగి చూశాడు. గిన్నె నేలమీద పడింది.

“జారిందోయ్.”

ఆవిడ గరిటె కింద పెట్టింది. “నిన్న మీరు సూదుల్లో దారం ఎక్కించడం చూశాను. అక్కడ జారనిది ఇక్కడే ఎందుకు జారుతుంది?”

ఆయన నేలమీది వెన్న వంక, పైకప్పు వంక మార్చి మార్చి చూశాడు. ఒకటి బాగుందో రెండు బాగుందో తేల్చుకోలేనట్టు. తర్వాత, కొత్త వెన్న తెస్తానని గొణిగి, సంచీ కూడా మరిచిపోయి బయటికి వెళ్ళిపోయాడు. ఓవెన్లో ట్రే ఉందన్న మాటే లేదు. మాడిన రోజు తర్వాత ఆయన ఓవెన్ ముందునుంచి ఎన్నడూ కదిలింది లేదు. ముందు స్టూలు వేసుకుని కాపలా కాసేవాడు.

ఆవిడ కోపంగా నారింజలు పట్టుకుని హాల్లోకి వచ్చి కూర్చుంది. తొక్క గీరుతోంది. ఎంత గీరాలో తెలియదు, గీరుతోంది. రేపు పోస్టమ్మాయి మొహం ఎలా చూడాలి, ఈ మనిషితో ఎలా వేగాలి, అని ఒకదాని మీద ఒకటి ఆలోచిస్తోంది. ఆలోచనలోనే, తల ఎత్తకుండా, ఎన్నేళ్ళుగానో నోటికి అలవాటైన మాట అనేసింది.

“ఏమండీ, ఇంక తీసెయ్యండి.”

వంటింట్లోంచి జవాబు లేదు. ఉండదు కదా, మనిషి లేడు. “మిమ్మల్నే, అంచు తిరుగుతోంది” అని మళ్ళీ అంది. అన్నాక, చేతిలో నారింజ ఆగిపోయింది.

తనకెలా తెలిసింది?

మెల్లగా గాలి పీల్చింది. ఉంది. దారమంత సన్నంగా ఉంది. ఖర్జూరం కాగి, ముదిరి, మాడబోయే ముందు ఇచ్చే వాసన. దాని వెనక ఇంకా సన్నంగా దాల్చినచెక్క. కదిలితే తెగిపోతుందేమో అన్నట్టు ఆవిడ ఊపిరి బిగబట్టి లేచి, వంటింట్లోకి నడిచి, ట్రే బయటికి తీసింది. సరిగ్గా బంగారు రంగు. గూట్లో గడియారం వంక చూడనైనా చూడలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆయన. చేతిలో వెన్న పొట్లం. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటినుంచి నిలబడ్డాడో, ఏమి విన్నాడో తెలియదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఒకటి తుడిచి పెట్టుకుని, నెత్తి మీదిది తీసి అది కూడా తుడిచాడు.

దగ్గరికి వచ్చి, ట్రేలోంచి కాస్త తీసి ఊది చల్లార్చి, జేబులోని రెండు చెంచాల్లో వేశాడు. ఒకటి ఆవిడ నోటికి అందించాడు. గ్లాసుతో నీళ్ళిచ్చాడు. రెండోది అందించాడు. అప్పుడు అడిగాడు.

“ఒకటా, రెండా?”

ఆవిడ నెమ్మదిగా నమిలింది. అలవాటు ప్రకారం ఏదో ఒకటి అనబోయింది. ఆగింది.

“రెండూ ఒకటే” అంది.

“రోజూ ఒకటే” అన్నాడాయన.

కళ్ళు పరీక్షించేవాళ్ళు అప్పుడప్పుడూ ఒక పని చేస్తారు. అద్దం మార్చినట్టు చప్పుడు చేసి, అదే అద్దం మళ్ళీ పెడతారు. ఎదుటివాళ్ళు నిజంగా చూస్తున్నారో, ఊహించి చెబుతున్నారో తెలుసుకోవడానికి. ఈ కిటుకు ఆయనే ఆవిడకి ఎప్పుడో కొత్తగా పెళ్ళయిన రోజుల్లో చెప్పాడు. ఆవిడ మరిచిపోయింది. వీధిలో అందరికీ రెండు రకాలు పెట్టి, తన ఒక్కదానికే పొద్దునా సాయంత్రం రెండు చెంచాల్లోనూ ఒకటే పెడుతూ వచ్చాడు. తను ఒకటనీ, రెండనీ, ఖర్జూరం ఎక్కువైందనీ చెబుతుంటే, అంత శ్రద్ధగానూ విన్నాడు.

“ఎప్పటినుంచి తెలుసు?”

“ట్రే మాడిన రోజునుంచి.”

“మరి అడగలేదేం?”

“నువ్వు చెప్పలేదుగా” అన్నాడు. “చెప్పకూడదనుకున్నావంటే ఏదో కారణం ఉంటుందని. నీ ఒక్కదాన్నే వాసన చూడమంటే అనుమానం వస్తుందని, వీధి మొత్తాన్ని కూర్చోబెట్టాను. చెవి ముక్కు గొంతు డాక్టరు మన పాత ఖాతాదారే కదా. ఘాటైన వాసనలు రోజూ రెండుపూటలా చూపిస్తూ ఉంటే, ముక్కు దారి గుర్తుచేసుకుని తిరిగి రావచ్చన్నాడు. వస్తుందని గట్టిగా చెప్పలేనన్నాడు.”

ఆవిడ నేలమీద పడ్డ వెన్న గిన్నె తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇది కూడా సన్నగానే తెలిసింది, కానీ తెలిసింది. ముక్కిన వాసన. పాలూ, క్రీమూ, గుడ్డూ వరసగా ఆవిడ కళ్ళముందు నేలమీద పడ్డాయి.

“అన్నీ పాడైపోయినవేనా?”

“ఒక్కటి మాత్రం నిజంగానే జారింది” అని ఒప్పుకున్నాడు. “ఏదో గుర్తులేదు.”

“మరి పంచదార మీద ఆ ఉపన్యాసాలు?”

“నాకు పంచదారతో ఏం పేచీ, ప్రాణం పెడతాను దానికి. కానీ దానికి వాసనేదోయ్? తేనెకుంది, ఖర్జూరానికుంది, పండుకుంది. అందుకే దాన్ని ఇంట్లోంచి పంపేశాను. కష్టమైంది. దర్జీ లేకపోతే బతికేవాణ్ణి కాదు.”

ఆవిడకి ఏడుపు వచ్చేదే. ఆయన మొహంలో పంచదార కోసం అంత దీనత్వం కనిపించేసరికి నవ్వు ముందొచ్చేసింది. ఆయన ట్రే నిజంగా మరిచిపోయి వెళ్ళాడా, కావాలనే వదిలి గుమ్మంలో నిలబడ్డాడా అని ఆవిడ ఎన్నిసార్లు అడిగినా, మరిచిపోయాననే చెబుతాడు. ఒకసారి అడిగితే కుడివైపు చూస్తూ చెబుతాడు, ఇంకోసారి ఎడమవైపు చూస్తూ.

ఆ పొద్దున నారింజ కేకు ఓవెన్లో ఉండగా, పోస్టమ్మాయి సైకిలు తొక్కుకుంటూ వచ్చి కిటికీలోంచి తలపెట్టి, పోస్టాఫీసు దాకా వచ్చిందక్కయ్యా అని చెప్పి వెళ్ళింది. ఆవిడకి మటుకు హాలు దాకానే వచ్చింది. అదైనా కొంచెంగానే. కాని వచ్చింది. మర్నాడు పెళ్ళిలో కేకు పెట్టిన బల్ల మీద గుడ్డ గాలికి లేవకుండా దర్జీ ఒక మూల తేనె ఖర్జూరపు పలక పెట్టాడు. కేకులో చివరి పలుకుదాకా అయిపోయిందిగాని, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చీమలు కూడా.

మోకాళ్ళు ఏమయ్యాయని ఆయన ఎప్పుడూ అడగలేదు. పెళ్ళి మర్నాడు పొద్దున్నే కొత్త ఆర్డరు తీసుకుని వచ్చి ఆవిడ ముందు పెట్టాడు, అంతే.

ఆవేళ ఆవిడ టీ కాచింది. బీరువా తెరిచి, పంచదార డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన డబ్బా వంక, ఆవిడ వంక అనుమానంగా చూశాడు. ఆవిడ ఆయన జేబులోంచే చెంచా తీసి, డబ్బాలో ముంచి, కప్పు మీద పట్టుకుని అడిగింది.

“ఒకటా, రెండా?”

జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్నకి అవతలివైపు కూర్చున్న అద్దాలాయన, చెంచా వంక చూశాడు, కప్పు వంక చూశాడు, మళ్ళీ చెంచా వంక చూశాడు. ఆయన దుకాణంలో కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఆయనతో అన్నమాటే ఆయనా అన్నాడు.

“ఏదీ, ఇంకోసారి చూపించు.”